మాస్టారి వేలు పడిన చోటు

మాస్టారు పోయిన రోజు కూడా పనులన్నీ సక్రమంగానే చేశారు. వాద్యబృందం రిహార్సల్ నుంచి వచ్చి డబుల్ బాస్‌ను ముందుగదిలో దాని మూలన నిలబెట్టారు. కమాను నుంచి రాలి తీగల మీద పేరుకున్న రోజిన్ బంక పొడిని పొడిగుడ్డతో తుడిచారు. కమాను వెంట్రుకల బిగువు వదులు చేసి పెట్టెలో పెట్టారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పడానికి వంగి, మరి లేవలేదు. టీ పట్టుకొచ్చిన భార్యకు మొదట అనుమానం కూడా రాలేదు. ముడిపడిన తాడుతో తంటాలు పడుతున్నారనుకుంది.

ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. బడిలోనూ వీధిలోనూ అందరికీ టీచరమ్మే. సెలవు పూర్తికాకుండానే బడికి వెళ్ళింది. కంట తడి లేకుండా బోర్డు మీద త్రిభుజాలు గీస్తున్న మనిషిని చూసి తోటి టీచర్లు గుసగుసలు పోయారు. గుండె గట్టిదన్నారు కొందరు. గట్టిది కాదు, రాయి అన్నారు ఇంకొందరు. రెండు మాటలూ ఆవిడ చెవిన పడ్డాయి. పళ్ళ డాక్టరు మత్తుసూది ఇచ్చాక దవడ మనదో కాదో తెలియదే, ఒళ్ళంతా అలా ఉంది. మత్తు దిగితే నొప్పెడుతుందన్న భయం లేదు. దిగాలన్న తొందరా లేదు.

వాయించడం ఆవిడకు రాదు. దాన్ని చూసుకోవడం మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో చూసి చూసి పట్టుబడింది. వయొలిన్‌కి ముత్తాతలాంటి వాద్యం అది. మనిషి కంటే ఎత్తు, పొట్ట బీరువా అంత. మాస్టారు దాన్ని ఏనుగు అనేవారు. ఎంత ఏనుగైనా పేచీలు మాత్రం చంటిపిల్లవి. గాలి ఎండిపోతే దాని చెక్క చిట్లుతుంది, తేమ ఎక్కువైతే ఉబ్బుతుంది. చలికాలం హీటరు వేసినన్నాళ్ళూ పక్కన వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెట్టాలి. కిటికీ ఎండ మీద పడకూడదు. నూనెలు, పాలిష్‌లు పుయ్యకూడదు. పడుకోబెట్టాల్సి వస్తే పక్కవాటుగా పడుకోబెట్టాలి గాని బోర్లా కాదు. బోర్లా పడితే తీగలను మోసే బ్రిడ్జి విరుగుతుంది. మాస్టారు పోయాక కూడా ఆవిడ గిన్నెలో నీళ్ళు మార్చడం మానలేదు. అది ప్రేమ అని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. పొయ్యి కట్టేసినట్టు, తలుపు గడియ పెట్టినట్టు, అదీ ఒక పని.

చలి తగ్గుముఖం పడుతుండగా ఒక సాయంత్రం మాస్టారి శిష్యురాలు వచ్చింది. మనిషి పిడికెడంత ఉంటుంది. ఏనుగు పక్కన నిలబడితే తల దాని భుజాల దాకా కూడా రాదు. మాస్టారి తమ్ముడు పెట్టిన పేరు 'పిడికెడు' ఆ పిల్లకు అలా అతుక్కుపోయింది.

"అమ్మగారూ, బృందంలో మాస్టారి కుర్చీకి పరీక్ష పెడుతున్నారు," అంది గుమ్మంలోనే నిలబడి.

"లోపలికి రా. రాస్తున్నావా?"

"రాయడం కాదమ్మగారూ, వాయించడం."

"అదే."

"నా దగ్గర వాద్యం లేదు. కాలేజీది తిరిగిచ్చేశాను. నేర్చుకుందంతా దీని మీదేగా. మీరు ఒప్పుకుంటే..."

"తీసుకో," అంది టీచరమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆ పిల్ల అనుకోలేదు. బతిమాలడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ మిగిలిపోయి, ఏం చెయ్యాలో తోచక, బూట్లు విప్పి వరసగా పెట్టింది. వేరే వీధిలో మేడమీద అద్దెగదిలో ఉంటుంది కనుక దాన్ని అక్కడికి మోసుకుపోవడం కంటే పరీక్షదాకా రోజూ సాయంత్రం ఇక్కడికే వచ్చి సాధన చేసేట్టు అనుకున్నారు.

ఆ కుర్చీ దొరక్కపోతే పిడికెడుకి ఈ ఊళ్ళో ఇంకో దారి లేదు. డబుల్ బాస్ వాళ్ళను పెట్టుకునే బృందం ఇక్కడ ఒకటే. ఖాళీ పడ్డం అంటే ఎవరో ఒకరు రిటైరవ్వాలి, లేదా మాస్టారిలా పోవాలి. ఇప్పుడు పోగొట్టుకుంటే పెళ్ళిళ్ళ బ్యాండులో డప్పు మోసుకోవాల్సిందే అని ఆ పిల్లే నవ్వుతూ చెప్పింది. నవ్వు మధ్యలో ఆపేసింది.

టీచరమ్మ భోజనాల బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేది. వినకపోవడానికి వీల్లేదు, ఏనుగు పలికితే బల్ల కింద నేల కూడా పలుకుతుంది. పరీక్షకు వాయించాల్సిన ముక్క మాస్టారు ఏళ్ళ తరబడి వాయించిందే. దాని ఒడుదుడుకులన్నీ ఆవిడకు తెలుసు. ఎక్కడ మెట్లెక్కుతుందో, ఎక్కడ ఆగుతుందో, చివర ఎక్కడ లావు తీగ మీద కిందికి దిగి ఒక పొడుగాటి స్వరం దగ్గర నిలబడుతుందో. సరిగ్గా ఆ నిలబడేచోట, సీసాలో ఈగ పడ్డట్టు, జుయ్యిమంది.

మర్నాడూ అదే చోట. ఆ మర్నాడూ అంతే.

"ఏదో జుయ్యిమంటోంది," అంది టీచరమ్మ తల ఎత్తకుండానే.

"నా వేలిదే తప్పమ్మగారూ."

"మాస్టారు వాయిస్తే రాలేదే ఎప్పుడూ."

"అందుకే నా తప్పంటున్నా. ఆ స్వరానికి వేలు ఒక వెంట్రుకవాసి ముందుకి వెయ్యాలి. లావు తీగకి అది రూలని మాస్టారు మొదట్లోనే చెప్పారు. ఆయన వేళ్ళు అరటిపళ్ళు కదా, సరిపోయేవి. నాది చూడండి, చిక్కుడుకాయ."

టీచరమ్మ లేచి వచ్చింది. మాస్టారు చేసినట్టే వేలి కణుపుతో ఏనుగు అంచుల చుట్టూ తట్టింది. చెక్క అతుకు ఎక్కడైనా విడిపోతే అక్కడ చప్పుడు బోలుగా వస్తుంది, ఆ విడిన సందే తీగతో పాటు జుయ్యిమంటుంది. పుచ్చకాయ కొనేవాళ్ళలా చుట్టూ తట్టుకుంటూ పోయింది. అన్నిచోట్లా గట్టిగానే ఉంది. తీగలు బిగించే బిరడాలు కదిపి చూసింది. అవీ వదులు కాలేదు.

"మేస్త్రమ్మ దగ్గరికి తీసుకెళదాం," అంది.

"పరీక్ష గురువారం కదమ్మగారూ!"

"అందుకే రేపు."

మాస్టారి తమ్ముడు బేకరీలో రొట్టెలు పంచే వ్యాను నడుపుతాడు. వదిన ఫోను చేస్తే రొట్టెల ట్రేలు షాపులోనే దింపేసి వచ్చాడు. అన్నయ్య పోయినప్పటినుంచి ఆ ముందుగదిలోకి రావడమంటే అతనికి కష్టమే. అందుకని గుమ్మంలోనే గట్టిగా మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

"ఏమే పిడికెడూ, దీని బదులు పిల్లనగ్రోవి నేర్చుకుని ఉంటే జేబులో పెట్టుకుని పోయేదానివి కదే!"

"మీరు వ్యాను బదులు సైకిలు కొనుక్కుని ఉంటే రొట్టెలన్నీ మీరే తినేవాళ్ళు కాదుగా బాబాయ్."

"విన్నావా వదినా? మనిషి పిడికెడు, నోరు బారెడు."

"అటు పట్టుకో," అంది టీచరమ్మ. "మెడ ముందు, పొట్ట తర్వాత."

"పొట్ట అంటే నాదే అనుకున్నా."

మలుపు మెట్ల మీద ఏనుగును దింపడం ఒక విద్య. వీపు గోడకు తగలకుండా, బ్రిడ్జి ఎవరి ఛాతీకీ ఆనకుండా, కిందివాడు వెనక్కి అడుగు వేసే ముందు పైవాళ్ళు చెప్పాలి. మాస్టారు ఒక్కరే చేసే పనికి ఆ రోజు ముగ్గురు కావలసి వచ్చింది. టీచరమ్మ ముందే దాని కింది ఇనుప కాలు ఊడదీసి సంచీలో వేసుకుంది. అది ఉండగా బండి కుదుపుకి ఎక్కడైనా గుద్దుకుంటే ఊచ లోపలికి దూసుకుపోతుంది. వ్యానులో దుప్పట్లు మడతలు పరిచి, ఏనుగును పక్కవాటుగా, తల వెనక తలుపు వైపు ఉండేలా పడుకోబెట్టించింది. బ్రేకు వేస్తే వెడల్పాటి అడుగుభాగమే ముందు గోడకు ఆనుతుంది, మెడకు దెబ్బ తగలదు.

"ఇదేం మర్యాదే దీనికి!" అన్నాడు మరిది దుప్పటి సర్దుతూ. "ఊరికే అన్నారా, ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా..."

నాలుక కరుచుకున్నాడు. పిడికెడు వ్యాను చక్రం వైపు చూస్తూ నిలబడింది.

"ఆ చివర ఇంకో దుప్పటి పెట్టు," అంది టీచరమ్మ.

వాద్యాలు బాగుచేసే మేస్త్రమ్మ దుకాణం తాళాలు బాగుచేసే కొట్టుకూ బట్టల ఇస్త్రీ కొట్టుకూ మధ్య ఉంది. లోపల చెక్క అతికించే వేడి సరేసు వాసన. గోడనిండా వయొలిన్లు మెడలు వేలాడేసుకుని ఉన్నాయి. మేస్త్రమ్మ పెద్దావిడ. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వాటి కోసం బల్లంతా వెతుక్కుంటోంది. మాస్టారి సంగతి ఆమెకు తెలుసు. పలకరింపు మాటలేవీ చెప్పకుండా ఏనుగు మెడ మీద చెయ్యి వేసి, "రా లోపలికి," అంది. ఆ మాట టీచరమ్మకో ఏనుగుకో తెలియలేదు.

పిడికెడు చేత ఆ ముక్క చివర వాయింపించింది. ఈగ జుయ్యిమంది. మేస్త్రమ్మ రెండోసారి వాయించనివ్వలేదు. తీగల కింద పొడుగ్గా ఉండే నల్లచెక్క పలక మీద, వేళ్ళు నొక్కే చోట, ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి, వెనక దీపం పెట్టింది.

"చూడమ్మాయ్. వెలుతురు ఎక్కడ దూరుతోంది?"

టీచరమ్మ వంగి చూసింది. స్కేలుకీ పలకకీ మధ్య సన్నటి నెలవంకలా వెలుగు కనిపించింది. అది పలకకు మామూలుగా ఉండాల్సిన వంపు, తీగ ఊగడానికి చోటు కావాలి కదా అని చెప్పింది మేస్త్రమ్మ. ఆ నెలవంకలో ఒకచోట మాత్రం ఇంకా లోతుగా, బొటనవేలి ముద్రంత గుంట.

"ఉక్కు తీగ, మనిషి వేలు. ఏళ్ళ తరబడి ఒకేచోట నొక్కితే ఎంత గట్టి చెక్కయినా అరుగుతుంది. వేలు ఈ గుంటలో పడిందా, తీగ ముందున్న అంచుకి కొట్టుకుని జుయ్యిమంటుంది. చెక్కి చదును చెయ్యాలని మీ ఆయనకి ఎన్నోసార్లు చెప్పా. 'నాకు అలవాటైపోయిందిలే' అనేవాడు."

"అలవాటా? అది రూలు కదండీ?" అంది పిడికెడు.

"ఏం రూలే?"

"లావు తీగ మీద ఆ స్వరానికి వేలు వెంట్రుకవాసి ముందుకి వెయ్యాలని... మాస్టారు..."

మేస్త్రమ్మ కళ్ళద్దాలు కిందికి దింపి ఆ పిల్లను పరీక్షగా చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"రూలూ లేదు గీలూ లేదు! గుంట తప్పించుకోడానికి ఆయన అంచు మీద వేసేవాడు. వేసి కొసని వెనక్కి దొర్లించి శ్రుతి కలుపుకునేవాడు. వీధిలో గుంట ఉంటే బండి పక్కకి తిప్పుతాం. తిప్పి తిప్పి, ఊళ్ళో వీధులన్నీ అలాగే పోవాలని పిల్లలకి నేర్పుతామా?"

"నేను ఇంకో ఇద్దరికి నేర్పానండీ ఆ రూలు," అంది పిడికెడు నీరసంగా.

మరిదికి నవ్వొచ్చింది గాని వదిన మొహం చూసి మింగేశాడు.

టీచరమ్మ ఆ గుంటలో వేలు పెట్టి చూసింది. తన వేలు పట్టి ఇంకా చోటు మిగిలింది. చెక్క చల్లగా, నున్నగా ఉంది. ఏదో ఒకటి అనిపిస్తుందని కాసేపు అలాగే ఉంచింది. ఏమీ అనిపించలేదు.

"చెక్కితే మొత్తం పోతుందా?" అని అడిగింది.

"ఈ గుంట లోతుదాకా పలకంతా దిగాలిగా. ఆయన వేళ్ళు పడిన గుర్తులు ఒక్కటీ మిగలవు. పలక అప్పటికే పలచబడింది, ఈసారికి ఆగుతుంది. చెక్కకపోతే ఈ పిల్ల సన్నటి వేలు ఆ అంచు మీద నిలవదు, జారి గుంటలోనే పడుతుంది. గురువారం అక్కడ కూర్చున్నవాళ్ళకి ఈగ వినబడుతుంది. అంతే సంగతి. ఆలోచించుకో."

"చెక్కండి," అంది టీచరమ్మ.

"వదినా!" మరిది గొంతు దుకాణం బయటికి వినిపించేంత లేచింది. "ఆలోచించుకోమంది కదా ఆవిడ! ఓ నిమిషమన్నా ఆలోచించవా? అన్నయ్య వేళ్ళు అవి. మనకి ఆయన చేత్తో మిగిలింది ఇంకేముంది? చొక్కాలు ఇచ్చేశావు. చెప్పులు ఇచ్చేశావు. ఇప్పుడిది గీకించేస్తావా?"

"నాకొద్దులెండి," అంది పిడికెడు మధ్యలో. "ఇంకెవరి దగ్గరైనా అడిగి..."

"ఎవరున్నారు?" అంది టీచరమ్మ ఆ పిల్లతో.

ఎవరూ లేరని ముగ్గురికీ తెలుసు.

"నువ్వు ఏడవలేదు," అన్నాడు మరిది. గొంతు తగ్గింది గాని మాట తగ్గలేదు. "ఒక్కసారి కూడా. నేను చూస్తూనే ఉన్నా. పోనీలే, ఒక్కొక్కళ్ళ తీరు అనుకున్నా. కానీ ఇంత తేలిగ్గా ఎలా అంటావ్ వదినా, చెక్కండి అని?"

టీచరమ్మ జవాబు వెతుక్కుంది. పిల్లలు లెక్క ఎలా వచ్చిందని అడిగితే అడుగు అడుగుగా చెప్పే మనిషి. దీనికి అడుగులు కనిపించలేదు.

"వేలు పెట్టి చూశాను," అంది చివరికి. "అందులో ఆయన లేరు. ఉన్నట్టు నాకు తెలిసుంటే ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఈ పిల్ల మాత్రం ఇక్కడ ఉంది. గురువారం వాయించాలి."

మరిది బయటికి వెళ్ళిపోయాడు. వ్యాను తలుపు ధడాలున పడింది. ఇంజను మాత్రం మోగలేదు. అతను పోతే ఏనుగు ఇంటికి ఎలా చేరుతుందో అతనికీ తెలుసు.

మేస్త్రమ్మ ఏనుగును మెత్తటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి తీగలు విప్పింది. "ఇంట్లో మీరు ఈ పని చెయ్యకండి," అంది పిడికెడుతో. "తీగలు మార్చాల్సి వస్తే ఒక్కొక్కటే. నిలబెట్టి ఉండగా అన్నీ ఒకేసారి విప్పావంటే బ్రిడ్జి పడిపోతుంది, దాని కింద లోపల నిలబడే కర్ర కూడా దొర్లిపోతుంది. అప్పుడు నా కాళ్ళు పట్టుకుంటావు."

చిత్రిక నల్లపలక మీద నడిచింది. పొట్టు నల్లటి వెంట్రుకల్లా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. టీచరమ్మ ఒక స్టూలు లాక్కుని కూర్చుని అంతా చూసింది. మొదట మెడ పైభాగం గుర్తులు పోయాయి, తర్వాత మధ్యవి. లావు తీగ కింది గుంట మాత్రం ఎంతకీ పోలేదు. చుట్టూ చెక్క దిగుతున్నకొద్దీ చిన్నదవుతూ, అక్కడే ఉంది. మేస్త్రమ్మ చేతులు మార్చుకుని, స్కేలు ఆనించి, మళ్ళీ మొదలుపెట్టింది. ఒక దఫాలో అది గోరంత, ఇంకో దఫాలో ఆవగింజంత. ఆ తర్వాత చూస్తే పలకంతా ఒకటే. ఎక్కడుండేదో చూపించమంటే టీచరమ్మ చూపించలేకపోయేది.

ఈలోగా మరిది తిరిగొచ్చాడు. చేతిలో రొట్టె, వేయించిన గుడ్లు ఉన్న పొట్లం. ఎవరి మొహమూ చూడకుండా అందరికీ పంచాడు. "తినండి. చల్లారితే చెప్పులా ఉంటుంది," అన్నాడు. ఒకరి చేతిలోంచి ఒకరికి ఉప్పు అందింది. అలక ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియలేదు.

"పొట్టు కావాలా?" అడిగింది మేస్త్రమ్మ చీపురు పట్టుకుని.

"వద్దు, ఊడ్చెయ్యండి," అంది టీచరమ్మ.

మరిది వంగి పొట్టు చుట్ట ఒకటి తీసి చొక్కాజేబులో వేసుకున్నాడు. ఆవిడ చూసి, స్టూలు గోడవారకు జరిపింది.

తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, మర్నాడు మధ్యాహ్నానికి గాని ఏనుగు ఇల్లు చేరలేదు. ఆ సాయంత్రం పిడికెడు కమాను బిగించి ఆ ముక్క ఎత్తుకుంది. చివర కిందికి దిగి, ఆ స్వరం మీద నిలబడింది. ఈగ లేదు. కానీ శ్రుతి పైకి పోయింది. సంగీతం రానివాళ్ళకు కూడా, బొత్తం ఒక కాజా తప్పి పెట్టుకున్న చొక్కాలా వినిపించింది.

వేలు ముందుకి పోతోంది. గుంట లేదు, తప్పించుకోవడం మాత్రం ఉంది.

ఇంకోసారి వాయించింది. అంతే. కళ్ళు మూసుకుని వాయించింది. అంతే. పలక మీద సుద్దముక్కతో చుక్క పెట్టుకుంది. చుక్క చూస్తే చెయ్యి బిగుసుకుంది, చూడకపోతే వేలు పాత దారే పట్టింది.

"అయిపోయిందమ్మగారూ," అంది కమాను దించేసి. "ఈగే నయం. ఈగ ఉంటే వాద్యం తప్పనేవాళ్ళు. ఇప్పుడు నా చెవి తప్పంటారు."

టీచరమ్మ పేపర్లు పక్కకు తోసి కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకుంది. ఆవిడకు సంగీతం రాదు గాని తప్పు అలవాటైన పిల్లలు తెలుసు. మైనస్ చూస్తే చాలు చెయ్యి దానంతటది ప్లస్ వేసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్ళకు లెక్క మళ్ళీ నేర్పితే లాభం లేదు. చెయ్యి కదలబోయే ముందు క్షణంలో ఆపాలి.

"ఆ స్వరానికి ముందు దాకా వాయించి ఆగు," అంది.

పిడికెడు ఆగింది.

"వేలు వెయ్యకు. ఆ స్వరం ఎలా ఉండాలో నోటితో అను."

పిడికెడు కూనిరాగంలా అంది. శ్రుతి సరిగ్గా ఉంది.

"చెవి బాగానే ఉందిగా. ఇప్పుడు వెయ్యి."

వేలు ముందుకే పడింది.

"తియ్యి. మళ్ళీ."

అలా మళ్ళీ, మళ్ళీ. పక్కింటివాళ్ళు గోడ తట్టారు. మాస్టారు బతికున్నప్పుడు ఒక్కనాడూ తట్టనివాళ్ళు. "మాస్టారే నయం, ఇంత గట్టిగా పట్టుకునేవారు కాదు," అని గొణిగింది పిడికెడు. వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. ఉన్నట్టుండి కమాను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది.

"నొప్పా?"

"నొప్పి కాదు. తిన్నగా వేస్తుంటే... మాస్టార్ని కాదన్నట్టుందమ్మగారూ."

"కాదను."

పిడికెడు తల ఎత్తింది.

"తప్పు చెప్పారు. ఆయన చెప్పినవి వంద నిజాలుంటే ఇదొకటి కాదు. కాదంటే ఏమవుతుంది? పలక అరిగిందని చెబితే సరిపోయేది. దానికి రూలని పేరు పెట్టి పసిపిల్లకి నేర్పడమేంటి? నాతో అన్నా అనొచ్చుగా. రోజూ ఈ బల్ల దగ్గరే కూర్చున్నా కదా, ఒక్కమాట అనలేదు. బూటు తాడు విప్పుకోవడం కూడా..."

అక్కడ ఆగింది. తన గొంతు అంత గట్టిగా ఉందని అప్పుడే గమనించింది. మాస్టారి మీద కోపం వచ్చింది. ఇన్నాళ్ళలో లోపల ఏదైనా రావడం అదే మొదలు. మంచిది కాకపోయినా, అది తనదే అని తెలిసింది. దవడ చివర ఎక్కడో కాస్త చురుక్కుమన్నట్టు. ఆ చురుకు నిలవలేదు. ఆవిడ దాని కోసం వెతకనూ లేదు.

"ముందు దాకా వాయించి ఆగు," అంది.

గురువారం ఉదయం వ్యాను తొందరగానే బయల్దేరింది. కొత్త గది గాలికి చెక్క సర్దుకోవడానికి టైము పడుతుంది, రాగానే శ్రుతి చేస్తే అరగంటలో జారిపోతుంది అని మాస్టారు ఎప్పుడూ పెందలాడే పోయేవారు. ఆయన చెప్పిన వందలో అదొకటి. హాలు బయట పొడుగాటి నడవాలో ముసుగులేసుకున్న డబుల్ బాస్‌లు గోడవారన మనుషుల్లా కూర్చున్నాయి. వాటి యజమానులు అందరూ పిడికెడుకి రెట్టింపు ఉన్నారు. పిడికెడు ఇనుప కాలు బిగించుకుంది. కమానుకి రోజిన్ రుద్దుకుంది. పేరు పిలిస్తే లోపలికి వెళ్ళింది.

లోపల తెర కట్టి ఉంటుందట. వాయించేదెవరో వినేవాళ్ళకు తెలియదు. బయట ఉన్నవాళ్ళకు తలుపు సందులోంచి వినిపిస్తుంది.

టీచరమ్మ చేతిసంచీ పట్టుకుని నిలబడింది. మరిది గోడకు చేరబడ్డాడు. ముక్క మొదలైంది. మెట్లెక్కింది, ఆగింది, మళ్ళీ ఎక్కింది. చివరికి లావు తీగ మీదికి దిగుతుంటే ఆవిడకు తెలియకుండానే కుడికాలి బొటనవేలు బూటులో ముడుచుకుంది. ఒక చిన్న ఖాళీ. ఆ పిల్ల లోపల నోట్లోనే అనుకుంటోందని ఆవిడకు తెలుసు.

స్వరం వచ్చింది. తిన్నగా వచ్చి నిలబడింది. ఈగ లేదు, పక్కకు తప్పుకోవడం లేదు. నేల పలికింది.

"అన్నయ్యలా లేదు వదినా," అన్నాడు మరిది.

"లేదు."

"ఆయన స్వరం చివర కొంచెం ఊగేది."

"వేలు వెనక్కి దొర్లించేవారు కదా. అందుకు."

"మరి ఇది బాగుందంటావా?"

ఆవిడ ఇంకా వింటోంది. స్వరం సన్నబడుతూ పోయి ఆగింది.

"శ్రుతిగా ఉంది," అంది.

మరిది చొక్కా మోచేతితో మొహం తుడుచుకుని, ఇంకోవైపు తిరిగి, గోడ మీది నోటీసులు చదవడం మొదలుపెట్టాడు. అవి చదవాల్సినవేమీ కావు.

మధ్యాహ్నం దాకా ఒక్కొక్కరినే పిలిచి పంపేశారు. చివరికి మెడలో కార్డు వేలాడుతున్న ఆఫీసాయన వచ్చి పిడికెడు పేరు ఒక్కటే చదివి, వచ్చే నెల మొదటి రిహార్సల్‌కి రమ్మన్నాడు. కుర్చీ కాస్త పొట్టిది చేయించాలేమో అన్నాడు. పిడికెడు తల ఊపింది. నవ్వలేదు, ఏడవలేదు. కమాను వెంట్రుకలు వదులు చేసి, తీగలు తుడిచి, ఏనుగుకు ముసుగు తొడుగుతూ జిప్పు సగంలో పట్టుకుని ఆగిపోయింది.

"సాయంత్రం ఏనుగుని మీ ఇంట్లో దింపేస్తానమ్మగారూ."

"ఎందుకు?"

"పరీక్ష దాకానే కదా అనుకున్నాం."

"రిహార్సల్‌కి నువ్వు రోజూ మా మెట్లు ఎక్కి దిగుతావా దీంతో? వాయించేవాళ్ళ దగ్గర ఉండాలి అది. నీ గదిలో పెట్టుకో." ఆ మాటలో బరువేమీ లేదు. టైంటేబుల్ చెప్పినట్టు చెప్పింది.

పిడికెడు జిప్పు వదిలేసింది. "అమ్మగారూ, అది మాస్టారిది..."

"నీ గదిలో హీటరు ఎక్కడుంది?"

"కిటికీ కింద."

"అయితే ఆ వైపు వద్దు. ఎండా తగులుతుంది. ఎదుటి మూల?"

"ఎదుటి మూల మంచం ఉంది."

"మంచం జరుపు."

"అది ఇనప మంచం, జరగదమ్మగారూ. ఇంటివాళ్ళు వేసింది."

"నేను జరుపుతా," అన్నాడు మరిది నోటీసుల మీంచి తల తిప్పి. "బేకరీలో పొయ్యి జరిపినవాణ్ణి, మంచం ఎంత? మెట్లు మలుపువా, తిన్నవా?"

"మలుపువే బాబాయ్. సన్నవి కూడా."

"చచ్చాం," అన్నాడు.

ఈసారి నాలుక కరుచుకోలేదు. టీచరమ్మ వంగి ఇనుప కాలు ఊడదీసి పిడికెడు చేతికిచ్చి, ఏనుగు మెడ పట్టుకుంది.